పన్నెండు రోజుల వియత్నాం ట్రిప్‌కు పాపను పంపాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నయీంనగర్‌లో కిరాణా షాపు ఉంది. పాప పదో తరగతి. పరీక్షలయ్యాక మే నెలలో ఇరవై మంది పిల్లలను టీంగా వియత్నాం తీసుకెళ్తామని ఒక సంస్థ వాళ్లు స్కూల్‌కు వచ్చి చెప్పారు. 12 రోజులు, లక్షా 90 వేలు. అక్కడి సంస్కృతి తెలుస్తుందట, సర్టిఫికెట్ ఇస్తారట, రేపు ఫారిన్‌లో సీటుకు పనికొస్తుందట. పాప ఒకటే పట్టు పడుతోంది. ఇంటర్ ఫీజు కోసం వేసిన చిట్టీ ఎత్తితే తప్ప అంత డబ్బు లేదు. ఆయన వద్దంటున్నారు. ప్రోగ్రాం కాగితం కూడా పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ చిట్టీ జోలికి వెళ్లకండి. డబ్బు విషయంలో మీవారి మాటే సరైనది. కానీ పాప కోరికను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పదిహేనేళ్ల వయసులో అమ్మానాన్న పక్కన లేకుండా, భాష రాని ఊళ్లో పదిమందితో సర్దుకుని, తెలియనివాళ్ల ఇంట్లో పెట్టింది తిని, పని పంచుకుని వచ్చిన పిల్లల్లో కనిపించే ధైర్యం కోచింగ్‌తో రాదు. అలాంటి అనుభవం ప్రతి పిల్లకూ దొరకాలని నేను మనసారా కోరుకుంటాను. అది ఈ ట్రిప్‌లో దొరుకుతుందా అన్నదే చూడాల్సింది.

సర్టిఫికెట్ గురించి ఆశ పెట్టుకోకండి. ఎప్‌సెట్, జేఈఈ, నీట్ సీట్లు ర్యాంకును బట్టే వస్తాయి, టూర్ సర్టిఫికెట్‌కు ఒక్క మార్కు కూడా కలవదు. అమెరికాలో డిగ్రీకి కామన్ యాప్ అనే ఒకే ఆన్‌లైన్ ఫారం ద్వారా చాలా కాలేజీలకు అప్లై చేసేవాళ్లు చదువు కాకుండా చేసిన పనులు పది వరకు రాయొచ్చు. అక్కడైనా డబ్బు కట్టి వెళ్లొచ్చిన 12 రోజుల కన్నా, సొంత ఊళ్లో రెండేళ్లు విడవకుండా చేసిన పనికే విలువ ఎక్కువ. మన పిల్లల్లో చాలామంది బీటెక్ తర్వాత ఎంఎస్‌కే వెళ్తారు. అప్పుడు అడిగేది మార్కులు, ప్రాజెక్టులు, ప్రొఫెసర్లు రాసిచ్చే లెటర్లు.

మీరు పంపిన కాగితం చూశాను. హనోయి, హాలాంగ్ బేలో పడవ, దనాంగ్ దగ్గర బానా హిల్స్, షాపింగ్. మాయ్ చౌ లోయకు మాత్రం ఒక్క పూట! అసలు చూడాల్సింది అదే. అక్కడ థాయ్ అనే కొండజాతి వాళ్లు స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇళ్లలో ఉంటారు, ఆడవాళ్లు ఇంట్లోనే మగ్గం నేస్తారు, వచ్చినవాళ్లను ఇంట్లో ఉంచుకుని భోజనం పెడతారు. ఆ 12 రోజుల్లో కనీసం నాలుగు అక్కడ గడపాలి. వెళ్లే ముందు పిల్లలను మన వరంగల్ కొత్తవాడకు తీసుకెళ్లి, నేల మీద పరిచే దర్రీ ఎలా నేస్తారో, నూలు ఎక్కడి నుంచి వస్తుందో, రోజుకు కూలి ఎంత పడుతుందో కనుక్కోమనాలి. వరంగల్ దర్రీలకు 2018లో ఆ ఊరి పేరుతో వచ్చే జీఐ గుర్తింపు వచ్చింది, అయినా ఆ మగ్గాలను దగ్గరగా చూడని పిల్లలు మన ఊళ్లోనే ఎంతోమంది. ఇక్కడి మగ్గం తెలిసిన పిల్లకు మాయ్ చౌలో నేసే ఆవిడను అడగడానికి మాటలుంటాయి. లేకపోతే ఫొటో దిగి బస్సెక్కుతుంది.

నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. దానికి ముందు భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో శిక్షణ జరిగింది. మీ పాపది కొండెక్కే ప్రయాణం కాదు, నిజమే. అయినా టీం అన్నప్పుడు పిల్లలు ముందే కలవాలి, పనులు పంచుకోవాలి. ఎయిర్‌పోర్టులో మొదటిసారి కలిసే ఇరవై మందిని టీం అనలేం.

కాబట్టి నిర్వాహకులను గట్టిగా అడగండి. పిల్లల వెంట ఎంతమంది పెద్దవాళ్లు, అందులో ఆడవాళ్లు ఎంతమంది? రాత్రి జ్వరం వస్తే ఏ ఆసుపత్రి, ఇన్సూరెన్స్ ఎంత? వీసా రాకపోతే డబ్బు ఎంత వెనక్కి ఇస్తారు? జవాబులు కాగితం మీద ఇవ్వమనండి. ఇంకొకటి, ప్రోగ్రాంలో ‘అనాథాశ్రమంలో సేవ’ అని ఉంటే ఒప్పుకోకండి. నేపాల్, కంబోడియా లాంటి చోట్ల అలాంటి ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారని, టూరిస్టుల డబ్బు కోసం వాళ్లను ఇంటికి దూరంగా ఉంచుతున్నారని యునిసెఫ్ హెచ్చరించింది. మన పిల్లలు దానికి కారణం కాకూడదు.

చిట్టీ ముట్టకుండా పాప కోరిక తీరే దారి ఎన్‌సీసీ. దాని యూత్ ఎక్స్‌చేంజ్ ప్రోగ్రాంలో క్యాడెట్ల టీంలు వియత్నాం, నేపాల్ లాంటి దేశాలకు వెళ్తాయి, అక్కడి క్యాడెట్లు ఢిల్లీలో జరిగే మన రిపబ్లిక్ డే క్యాంపుకు వస్తారు. ప్రయాణం ఖర్చు తల్లిదండ్రుల మీద పడదు. సెలక్షన్ మాత్రం చాలా కష్టం, ఢిల్లీ క్యాంపు దాకా వెళ్లినవాళ్లలోనూ కొద్దిమందికే అవకాశం వస్తుంది. రాకపోయినా నష్టం లేదు. ఎన్‌సీసీలో పై మెట్టు అయిన ‘సి’ సర్టిఫికెట్ కనీసం బి గ్రేడ్‌తో, డిగ్రీ 50 శాతంతో పాసైతే ఆర్మీ ఆఫీసర్ పోస్టుకు రాతపరీక్ష లేకుండా నేరుగా సైన్యం ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకు అప్లై చేయొచ్చు, ఆడపిల్లలు కూడా. జూన్‌లో ఇంటర్ కాలేజీ చూసేటప్పుడు ఎన్‌సీసీ ఉందా అని ముందే అడగండి. రెసిడెన్షియల్ కార్పొరేట్ కాలేజీల్లో చాలావాటిలో ఉండదు.

ఈ మే నెల ఖాళీగా పోతుందని పాప బాధపడితే రామప్ప గుడి ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక కాకతీయ హెరిటేజ్ ట్రస్ట్ అక్కడ వరల్డ్ హెరిటేజ్ వాలంటీర్ల క్యాంపు పెట్టింది. మళ్లీ అలాంటిది ఎప్పుడు ఉంటుందో, ఏ వయసు వాళ్లను తీసుకుంటారో ట్రస్ట్ వాళ్లను అడగమనండి. ఫోన్ పాపే చేయాలి.

పాస్‌పోర్టు మాత్రం ఈ సెలవుల్లోనే తీయించండి. వరంగల్ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది. పాపకు 15 నిండాయి కాబట్టి 1,500 రూపాయలు కట్టి పదేళ్ల పాస్‌పోర్టే అడగండి. వెయ్యి రూపాయలదైతే 18 నిండగానే గడువు తీరిపోతుంది. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేయాల్సిన కాగితం ఒకటి ఉంటుంది, కాబట్టి మీవారితో కూర్చుని ఒక మాట అనుకున్నాకే స్లాట్ బుక్ చేయండి.