కౌంటర్‌కి ఇవతల

హైదరాబాద్

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఈ-గవర్నమెంట్, అంటే కంప్యూటర్ల మీద నడిచే ప్రభుత్వ సేవల పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో చెబుతానని మొదలుపెట్టి, మొదటి పేజీలోనే ఆ మెట్ల బొమ్మ వేశావు. ప్రభుత్వాలు ఆన్‌లైన్‌కి ఎలా ఎక్కుతాయో చెప్పడానికి లేన్, లీ అనే పరిశోధకులు 2001లో వేసిన నాలుగు మెట్లవి: సమాచారం పెట్టడం, లావాదేవీలు నడపడం, పై ఆఫీసూ కింది ఆఫీసూ కలవడం, చివరికి శాఖలన్నీ ఒకటవడం. ఆ తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది దానికో మెట్టు కలిపారు. ఎవరు ఎక్కారో చూసినవాళ్లు తక్కువ. నువ్వూ చూడలేదు.

ఇక ఈ రంగం పరిశోధకుడు రిచర్డ్ హీక్స్ లెక్క. వర్ధమాన దేశాల్లో ఇలాంటి ప్రాజెక్టులు 35 శాతం పూర్తిగా, 50 శాతం పాక్షికంగా విఫలమయ్యాయని 2003లో ఆయన వేసింది అంచనా. నీ చేతిలో అది 'నిరూపితం' అయిపోయింది! ఆయనే 2007లో సవితా బైలూర్‌తో కలిసి ఈ రంగంలో వచ్చిన పేపర్లను జల్లెడ పట్టి, ఆశ ఎక్కువ, పద్ధతి బలహీనం అని తేల్చారు. ఆ మాట మాత్రం నీ రాతలో లేదు.

నేనేమీ తక్కువ తినలేదులే. 2001లో ఈసేవ మొదలైనప్పుడు ఒక సెంటర్లో అరగంట కూర్చుని, కరెంటు బిల్లూ నీళ్ల బిల్లూ ఒకే కౌంటర్లో కడుతున్నారని మురిసిపోయి పేజీన్నర రాశాను. అచ్చయ్యాక మా ఇంట్లో పనిచేసే ఆవిడకి చదివి వినిపిస్తే, "మాకు కుళాయే లేదు కదయ్యా" అంది. బిల్లు లేనివాళ్లు ఆ క్యూలో ఉండరని నాకు తట్టనే లేదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 1998లో ఆస్తుల రిజిస్ట్రేషన్‌ని కంప్యూటర్లకెక్కించే కార్డ్ ప్రాజెక్టు వచ్చినప్పుడూ ఇంతే. రోజుల పని గంటలో అవుతోందని ఊరంతా పొగిడింది. జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఆఫీసులకెళ్లి జనంతో మాట్లాడి, 2004లో ఈపీడబ్ల్యూ (ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ) పత్రికలో వేరే కథ రాశాడు: కంప్యూటర్లు వచ్చాయి గానీ లంచం పోలేదని.

నీ ప్రశ్నావళి సంగతి చెప్పకుండా ఉండలేను. కొత్త టెక్నాలజీని జనం ఎందుకు ఒప్పుకుంటారో చెప్పే డేవిస్ 1989 మోడల్ తీసుకుని క్యాంపస్ వాట్సాప్ గ్రూపుల్లో పంపావు. ఆ మోడల్ పుట్టింది ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ వాడతారా, మానేస్తారా అని తెలుసుకోవడానికి. కూతురి స్కాలర్‌షిప్‌కి ఆదాయ సర్టిఫికెట్ కావాల్సిన ఆటో డ్రైవర్‌ని "ఈ పోర్టల్ వాడే ఉద్దేశం ఉందా, ఒకటి నుంచి ఐదులో చెప్పండి" అంటే ఏం చెబుతాడు? వాడక ఏం చేస్తాడు!

జూన్‌లో అడ్మిషన్ల టైమ్‌లో ఏదైనా మీసేవ దగ్గరికి పొద్దున్నే వెళ్లు. లోపల కాదు, పక్కనే ఉన్న జిరాక్స్ షాపులో కూర్చో. అప్లికేషన్ ఎవరు నింపుతున్నారు, ఎంత తీసుకుంటున్నారు, ఇది ఎన్నోసారి రావడం, ఎన్ని రోజుల కూలి పోయింది, అన్నీ రాసుకో. ల్యాప్‌టాప్ తీయకు, తీస్తే నిన్ను ఆఫీసర్ అనుకుని ఎవరూ నోరు విప్పరు.

నాలుగో టేబుల్ తీసెయ్. మెట్ల బొమ్మ కూడా. మిగతా పేజీల్లో పెన్సిల్‌తో గీతలు పెట్టాను, ఆదివారం వచ్చి తీసుకెళ్లు.