చైనా సెన్సార్‌షిప్ మీద చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: సార్, మా అమ్మాయి బీఏ పొలిటికల్ సైన్స్ చివరి సంవత్సరం. నియంతృత్వ దేశాల్లో ఇంటర్నెట్, రాజకీయాల మీద ఎంఏ, పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఫోన్ చూస్తూ కూర్చోవడమూ ఒక చదువేనా? ఉద్యోగం మాటేమిటి?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: చదువేనండీ, అదీ కష్టమైన చదువు. ఒక సంగతి చెబుతాను. 2022లో చైనాలోని హెనాన్ రాష్ట్రంలో కొన్ని గ్రామీణ బ్యాంకులు జనం తమ డిపాజిట్లు వెనక్కి తీసుకోకుండా ఆపేశాయి. జూన్‌లో ఖాతాదారులు నిలదీద్దామని జెంగ్‌జౌ నగరానికి బయల్దేరారు. అక్కడి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే ఫోన్‌లో కొవిడ్ ముప్పు ఉందో లేదో రంగుతో చూపే హెల్త్ కోడ్ ఎర్రగా మారింది. అప్పట్లో ఎరుపు వచ్చిందంటే బస్సు ఎక్కనిచ్చేవారు కాదు, హోటల్లోకి రానిచ్చేవారు కాదు. జబ్బేమీ లేకుండానే 1,317 మందికి ఇలా జరిగిందని విచారణలో తేలింది. ఐదుగురు అధికారులపై చర్యలు తీసుకున్నారు. లాఠీ ఎత్తకుండానే ఆపే పద్ధతి ఇది, చూశారా!

ఇలాంటి నియంత్రణలు, సెన్సార్‌షిప్ ఎలా పనిచేస్తాయో ఆధారాలతో తేల్చడమే మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో రాజకీయ శాస్త్రవేత్త గ్యారీ కింగ్ బృందం చైనా సోషల్ మీడియా పోస్టుల్ని సెన్సార్ తీసేయకముందే దించుకుని, తర్వాత ఏవి మాయమయ్యాయో సరిచూసింది. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. ప్రభుత్వాన్ని తిట్టిన పోస్టులు చాలావరకు అలాగే ఉన్నాయి. జనం రోడ్డు మీదికి వచ్చేలా చేసేవి మాత్రం, ప్రభుత్వాన్ని పొగిడినవైనా సరే, పోయాయి.

ఇంత పనికి రాజకీయ శాస్త్రం ఒక్కటే చాలదు. చైనీస్ రావాలి, స్టాటిస్టిక్స్ రావాలి, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాష చేతిలో ఉండాలి. ప్రస్తుతం అమ్మాయి దగ్గర రాజకీయ శాస్త్రమే ఉంది. మీ టెన్షన్‌కు నేను ఒప్పుకునే కారణం కూడా ఇదే. ఉత్త ఎంఏతో ఆగితే ఉద్యోగం కష్టం. భాష, డేటా తోడైతే యూనివర్సిటీలే కాదు, ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైనీస్ స్టడీస్, బెంగళూరులోని తక్షశిల లాంటి పరిశోధన సంస్థల్లోనూ ప్రయత్నించవచ్చు. ఖాళీలు తక్కువే, దాచడమెందుకు? అయితే ఈ దారి తప్పినా డేటా పని తిండి పెడుతుంది.

ఎంఏకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ), ఢిల్లీలోని జేఎన్‌యూ రెండింటికీ సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. భాష మాత్రం ఇప్పుడే మొదలుపెట్టించండి, రోజూ కూర్చుంటే తప్ప చైనీస్ లిపి పట్టుబడదు.

ఇంకొకటి. ఏ దేశంలో ఏ సైట్లు ఆపేశారో కొలిచే ‘ఊనీ’ అనే ప్రాజెక్టు డేటాను అందరికీ ఉచితంగా ఇస్తుంది. 2020 ఆగస్టులో బెలారస్ ఎన్నికల రోజు నుంచి మూడు రోజులపాటు ఇంటర్నెట్ దెబ్బతింది కదా, ఆ డేటా దించుకుని ఏం జరిగిందో నాలుగు పేజీలు రాయమనండి. నెల రోజులు కూర్చుని రాసిందంటే మీరు అడ్డుపడకండి. వారానికే విసుగొస్తే అప్పుడు మళ్లీ నాకు రాయండి.