వాకిలి కాడ నిలబడేముందు

అమ్మీ,

వియన్నాలో అణుశక్తి సంస్థ తనిఖీ ఉద్యోగానికి ఎంపికైనావని మీ నాయన ఫోన్ చేసినాడు. ప్రొద్దుటూరంతా చెప్పుకుంటున్నాను. నిద్ర మాత్రం పట్టడంలేదు.

వీసా, టీకాలు నువ్వే చూసుకుంటావు. కుట్టిన నోటుబుక్కు కొనుక్కో, విడి కాగితాలొద్దు.

నిన్ను రావద్దని ఎవరూ మొహం మీద అనరు. టీ ఇస్తారు, తాళంచెవి ఉన్నాయన ఊరికి పోయినాడంటారు. గేటు కాడికి చేరిన నిమిషం, ఎవరేమన్నదీ, తలుపు తెరిచిన నిమిషం అక్కడికక్కడే రాసుకో. నివేదికలో నిలబడేది ఆ నిమిషాలే, నీ కోపం కాదు. నీ కోపం నాకు తెలుసు!

ముందు గేట్లో కాగితం చూపించే లోపే వెనక గేటు కాడ మీ మనిషి ఉండాల. 1991 జూన్‌లో ఇరాక్‌లోని ఫల్లూజా కాడ తనిఖీదారులను గేట్లోనే ఆపేసినారు. ఇద్దరు నీళ్ల ట్యాంకు ఎక్కి చూస్తే లారీలు వెనకనుంచి జారుకుంటున్నాయి, వాటినిండా యురేనియం శుద్ధిచేసే కెలూట్రాన్ సామాన్లు. వెంటబడి ఫొటోలు తీస్తే సైనికులు గాల్లోకి కాల్చినారు. ఇది చదివి నువ్వు ట్యాంకులెక్కేవు, వద్దు.

1992 జులైలో జరిగిన తప్పును మాత్రం బాగా చదువుకో. బాగ్దాద్‌లో వ్యవసాయ శాఖ భవనంలో ఆయుధాల కాగితాలున్నాయని ఐక్యరాజ్యసమితి జట్టు పోయింది. లోపలికి రానియ్యలేదు. జులై 5 నుంచి 22 దాకా వాకిట్లోనే కాపలా కాసినారు. గుంపుల బెదిరింపులు ముదిరినాక లేచి వచ్చేసినారు. గల్ఫ్ యుద్ధంలో ఇరాక్‌తో పోరాడిన దేశాలవాళ్లు లేకుండా జట్టును మార్చుకున్నాక, నెలాఖర్లో లోపలికి పోతే ఏమీ దొరకలేదు. ప్రాణం మీదికొస్తే వచ్చేయడం తప్పు కాదమ్మీ, నువ్వూ వచ్చెయ్. తలుపు తియ్యకపోతే పైవాళ్లు ఏం చేస్తారో తేల్చుకోకుండా మనుషుల్ని కూర్చోబెట్టడం మొదటి తప్పు. ఎవరు రావాలో ఆ దేశంతో బేరమాడటం అంతకన్నా పెద్ద తప్పు. బయలుదేరకముందే మీ జట్టు నాయకుణ్ణి ఈ రెండూ అడుగు.

ఆలస్యమైందని చేతులెత్తెయ్యొద్దు. ఇరాన్‌లో, టెహ్రాన్‌లోని కలాయే ఎలక్ట్రిక్ కంపెనీలో గుడ్డతో తుడిచి దుమ్ము నమూనాలు తియ్యనియ్యకుండా 2003 ఆగస్టు దాకా నెట్టుకొచ్చినారు. ఆలోగా లోపలంతా మార్చేసినారు. అయినా శుద్ధిచేసిన యురేనియం రేణువులు చిక్కినాయి. సిలిండర్ వాల్వులు కారి పోయిందని ముందు ఇరాన్‌వాళ్లు చెప్పిన 1.9 కిలోల యురేనియం హెక్సాఫ్లోరైడ్ అనే గ్యాసును, అక్కడే గిర్రున తిప్పి శుద్ధిచేసే సెంట్రిఫ్యూజు యంత్రాల్లో వాడినామని అక్టోబర్లో ఒప్పుకున్నారు. పండగ లేదు, పెండ్లి లేదు, గోడలకు కొత్త సున్నమెందుకు కొట్టినారో అడుగు. నున్నటి గోడ తుడిస్తే ఏమొస్తాది? గాలి గొట్టం లోపల, తలుపు బందుల సందుల్లో, స్విచ్‌బోర్డు వెనక తుడువు. చోటు మారినప్పుడల్లా గ్లౌజులు మార్చు. తుడిచిన గుడ్డను జిప్ కవర్లో వేసి, ఆ కవర్ను ఇంకో కవర్లో పెట్టి, నంబరు వెంటనే రాయి. తుడవని గుడ్డ ఒకటి కూడా అట్లే సీలు చేసి పంపించు, లేకపోతే ఆ మురికి నీ సంచిలోదే అంటారు.

ఏ దేశం పోతున్నావో ఫోన్లో చెప్పొద్దు, మీ అమ్మ అడిగినా సరే. అన్నం తిన్నానని చెప్పు, చాలు. ఆమె కట్టిచ్చే శనగపొడి హోటల్ గదిలోనే పెట్టుకో, నమూనాల పెట్టె దరిదాపుల్లోకి తేవద్దు.

ఇట్లు,
మీ పెద్దనాయన