‘ఆ తర్వాత కనిపించలేదు’ అని రాసే ముందు

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివా. మొదటిసారి రాత్రి పడుకునే ముందు ఫోన్లో, రెండోసారి పొద్దున్నే ప్రింట్ తీసుకుని పెన్ను పట్టుకుని. హాలీవుడ్ ఇండియానా జోన్స్ సినిమాల్లో పక్క వేషాలు వేసినవాళ్ల గురించి రాద్దామన్న ఆలోచనే నాకు బాగా నచ్చింది, ఎందుకంటే హీరో గురించీ డైరెక్టర్ గురించీ రాసేవాళ్లు మన దగ్గర కావాల్సినంత మంది ఉన్నారు, పక్కన నిలబడ్డ మనిషి గురించి కూర్చుని రాసేవాళ్లే లేరు. భాష కూడా హాయిగా ఉంది. కానీ ప్రింట్ మీద ఒకే మాట కింద ఏడుసార్లు గీత గీశా. "ఆ తర్వాత ఆయనకు పెద్దగా గుర్తింపు రాలేదు", "ఆ తర్వాత తెరమీద కనిపించలేదు". ఏడుగురు మనుషుల జీవితాలు ఏడూ అదే వాక్యంతో ముగించావ్. ఈ ఉత్తరం దాని గురించే.

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక క్యారెక్టర్ ఆర్టిస్టు పోతే పత్రికవాళ్లు నివాళి రాయమన్నారు. "చివరి పదేళ్లు అవకాశాలు లేక తెరమరుగయ్యారు" అని రాశా. వారం తర్వాత వాళ్లమ్మాయి ఫోన్ చేసింది, తిట్టలేదు, కోప్పడలేదు, మెల్లగా చెప్పింది, "నాన్న ఆ పదేళ్లూ పొద్దున్నే లేచి డబ్బింగ్ థియేటర్‌కి వెళ్లేవాడండీ, మా అక్కాచెల్లెళ్ల పెళ్లిళ్లు ఆ డబ్బులతోనే చేశాడు, మీరు టీవీలో విన్న గొంతుల్లో చాలా వరకు ఆయనవే" అని. నాకు నోట మాట రాలేదు. నాకు కనిపించలేదు కాబట్టి ఆయన లేడని రాసేశా. ఆ తప్పు నువ్వు చెయ్యకూడదనే ఇంత పెద్ద ఉత్తరం.

కే హుయ్ క్వాన్ దగ్గరికే వద్దాం. 1984లో వచ్చిన రెండో ఇండియానా జోన్స్ సినిమా టెంపుల్ ఆఫ్ డూమ్‌లో షార్ట్ రౌండ్ అనే పిల్లాడు. నువ్వు ఆయన గురించి రాసింది ఇదీ: చిన్నప్పుడు రెండు హిట్లు, తర్వాత చాలాకాలం ఖాళీ, 2023లో ఆస్కార్. ఆ 'ఖాళీ' అన్న మాట తీసెయ్. సైగాన్‌లో పుట్టి, పడవెక్కి హాంకాంగ్ చేరి, శరణార్థి శిబిరంలో ఉండి, 1979లో అమెరికా వెళ్లిన కుటుంబం వాళ్లది. ఇంట్లోవాళ్ల ఆడిషన్‌కి తోడుగా వెళ్తే ఈ పిల్లాడికి వేషం దక్కింది. పెద్దయ్యేసరికి ఆసియా ముఖాలకు హాలీవుడ్‌లో వేషాలే లేవు, ఉన్నవి కూడా రెండు లైన్లవి. అప్పుడాయన యూనివర్సిటీలో సినిమా చదువుకున్నాడు, హాంకాంగ్ ఫైట్ మాస్టర్ కోరీ యూన్ దగ్గర పనిచేశాడు, 2000లో వచ్చిన ఎక్స్‌మెన్‌కి ఫైట్లు కంపోజ్ చేసిన టీమ్‌లో ఆయనున్నాడు, హాంకాంగ్ డైరెక్టర్ వాంగ్ కార్ వై ‘2046’ అనే సినిమా తీస్తుంటే అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశాడు. ఇవన్నీ కెమెరా వెనక ఏళ్లు. ఇప్పుడు ఆయనకు ఆస్కార్ తెచ్చిపెట్టిన ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’లో టాక్స్ ఆఫీసు ఫైట్ ఇంకోసారి పెట్టుకుని చూడు. నడుముకు కట్టుకునే మామూలు బ్యాగు విప్పి, దాని పట్టీ పట్టుకుని సెక్యూరిటీ గార్డులను ఒక్కొక్కణ్నీ పడేస్తాడు, భుజం ఎంత తిప్పాలో, పట్టీ ఎప్పుడు వదలాలో, ఎప్పుడు లాగాలో ఆ చేతికి తెలుసు. ఫైట్ మాస్టర్ పక్కన నిలబడి దెబ్బ ఎక్కడ పడితే కెమెరాకు బాగుంటుందో ఏళ్ల తరబడి చూసినవాడి చెయ్యి అది. నువ్వు ఖాళీ అన్న ఏళ్లన్నీ ఆ ఒక్క సీన్లో ఉన్నాయి తమ్ముడూ. ఆస్కార్ రాత్రి ఉత్తమ చిత్రం ప్రకటించడానికి వచ్చింది ఇండియానా జోన్స్‌గా వేసిన హారిసన్ ఫోర్డే, స్టేజి మీద ఇద్దరూ కౌగిలించుకున్నారు, అదీ రాయి, కానీ అది చివర్లో రావాలి, నువ్వు మొదటి పేరాలోనే ఖర్చు పెట్టేశావ్.

అమ్రిష్ పురి గురించి నువ్వు రాసింది చదివితే ఆయన టెంపుల్ ఆఫ్ డూమ్ విలన్ మోలారామ్‌గానే పుట్టాడేమో అనిపిస్తోంది. మన పాఠకుడికి ఆయన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు, జగదేకవీరుడు అతిలోకసుందరిలో మహాద్రష్ట అంటే చాలు, ఆదిత్య 369లో రాజా వర్మ అంటే చాలు. కానీ అంతకుముందు 1975లోనే శ్యామ్ బెనెగల్ సినిమా నిశాంత్‌లో తెలంగాణ జమీందారుగా వేశాడని ఎంతమందికి గుర్తుంది? దానికీ ముందు ఏళ్లకు ఏళ్లు ఈఎస్ఐ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన మనిషి. మోలారామ్ వేసేనాటికి యాభై దాటాయి. ఆ వేషం కోసం గుండు చేయించుకున్నాడు, ఆ గుండు తర్వాత ఆయన ముఖానికి ఎంత కలిసొచ్చిందో మనమంతా చూశాం. మనిషి గుండెను చేత్తో పెకలించే సీన్ గురించే అందరూ రాస్తారు, నువ్వూ అదే రాశావ్. నేనైతే పొద్దున ఆఫీసు, సాయంత్రం నాటకం రిహార్సల్ అన్న ఆ రోజులతో మొదలుపెడతా. గుహలో అంతమంది జనం మధ్య నిలబడి ఒక్క గొంతుతో అందర్నీ ఆపగలిగాడంటే అది స్టేజి మీద సంపాదించుకున్న గొంతు.

టెంపుల్ ఆఫ్ డూమ్ మనల్ని చూపించిన తీరు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేంటి? మన ప్రభుత్వం స్క్రిప్ట్ మీద అభ్యంతరం చెప్తే షూటింగ్ శ్రీలంకలో క్యాండీ దగ్గర పెట్టుకున్నారు, పాములూ కోతి మెదడూ వడ్డించే ఆ విందు చూస్తే ఇప్పటికీ నాకు మనసు ముడుచుకుపోతుంది. ఆ విందులో కథలోని సంస్థానానికి ప్రధానమంత్రి ఛత్తర్ లాల్‌గా కూర్చున్న రోషన్ సేథ్ రెండేళ్ల ముందే గాంధీ సినిమాలో నెహ్రూగా వేసినాయన. అది పక్కన పెట్టి నటుల్ని మెచ్చుకుంటే సగం నిజమే చెప్పినట్టు.

ఆ సినిమాలోనే ఊరి పూజారిగా వేసిన శ్రీలంక నటుడు డి.ఆర్. నానాయక్కార నీ వ్యాసంలో అసలు లేనేలేడు. ఆయనకు ఇంగ్లిష్ రాదు, డైరెక్టర్ స్పీల్‌బర్గ్ కెమెరా పక్కన నిలబడి ఒక్కో ముక్కా చెప్తుంటే విని అలాగే పలికాడు. అంటే మన సెట్లో బయటి విలన్‌కి ప్రాంప్టింగ్ ఇస్తాం చూడు, సరిగ్గా అదే. ఊళ్లోంచి పోయిన పవిత్రమైన రాయి గురించీ, ఎత్తుకుపోయిన పిల్లల గురించీ చెప్పేటప్పుడు మధ్యలో ఆగుతాడు, తర్వాతి ముక్క కోసం ఆగుతున్నాడు, కానీ మనకు బాధతో గొంతు ఆగినట్టే ఉంటుంది. ఎదురుచూపును కూడా నటనలా నిలబెట్టడం ఎంత పెద్ద పనో ప్రాంప్టింగ్ విని డైలాగ్ చెప్పిన ఎవరినైనా అడుగు.

మార్కస్ బ్రాడీగా వేసిన డెన్‌హోమ్ ఇలియట్‌ని "మ్యూజియం ముసలాయన" అన్నావ్, నాకు నొప్పేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం కూలిపోయి జర్మనీవాళ్లకు ఖైదీగా చిక్కి, ఆ క్యాంపులోనే నాటకాలేసిన మనిషి. 1984, 85, 86 వరసగా మూడేళ్లు బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టాల్లో సహాయ నటుడి అవార్డు ఆయనదే. 1992లో పోయాడు, 2008లో వచ్చిన నాలుగో సినిమాలో కాలేజీ ఆవరణలో ఆ పాత్రకు విగ్రహం పెట్టారు. ఆల్‌ఫ్రెడ్ మోలినా పేరా బాగానే కుదిరింది, మొదటి సినిమాలో మొదటి వేషానికే ఒళ్లంతా సాలీళ్లు పాకించుకున్న కుర్రాడు 2004కి స్పైడర్‌మ్యాన్ 2లో విలన్ డాక్టర్ ఆక్టోపస్ అయ్యాడన్నది చక్కగా చెప్పావ్, అది ముట్టుకోకు.

ఇక పాట్ రోచ్. అర లైను ఇచ్చావ్, "ఒక బలమైన ఫైటర్" అని. బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన రెజ్లర్ ఆయన. 1981లో వచ్చిన మొదటి ఇండియానా జోన్స్ సినిమాలో ఒక్కడే రెండుసార్లు చస్తాడు, నేపాల్ బార్లో షెర్పాగా ఒకసారి, విమానం దగ్గర జర్మన్ మెకానిక్‌గా ఇంకోసారి. ఆ విమానం ఫైట్ సౌండ్ ఆపేసి చూడు. గుండు, మీసం, చొక్కా విప్పేసి కిందకి రమ్మని చేత్తో పిలుస్తాడు. హీరో కొడితే కదలడు, ఆ కదలకపోవడం వల్లే మనకు హీరో ఏమైపోతాడోనని భయం పుడుతుంది, వీడెలా బతుకుతాడ్రా అనిపిస్తుంది. హీరోని చిన్నగా చేసి చూపించడానికి ఒళ్లంతా వాడుకున్నాడు, కొట్టినంత శ్రద్ధగా తిన్నాడు. మొత్తం మూడు ఇండియానా జోన్స్ సినిమాల్లో వేషాలు వేసి 2004లో పోయాడు.

నేను చేసే పద్ధతి చెప్తా. ఒక తెల్ల కాయితం మీద ఆ నటుడి ఏళ్లన్నీ వరసగా రాసుకుంటా, సినిమా ఉన్న ఏడాది ఎదురుగా పేరు రాసి, లేనిది ఖాళీగా వదిలేస్తా. ఆ ఖాళీల దగ్గరే వెతుకుతా: టీవీనా, నాటకమా, ఉద్యోగమా, జబ్బా, పిల్లల చదువా. దొరికింది రాస్తా, దొరకనిది వదిలేస్తా, దొరకలేదు కదా అని 'తెరమరుగు' అని మాత్రం పూడ్చను.

ముందు పాట్ రోచ్ పేరా ఒక్కటీ తిరగరాయి. మిగతావి తర్వాత చూద్దాం, హడావిడి లేదు. వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉంటా, ఆ విమానం ఫైట్ లాప్‌టాప్‌లో పెట్టుకుని తీసుకురా, పక్కపక్కన కూర్చుని ఆపి ఆపి చూద్దాం. మీ వదిన పెసరట్లు వేస్తానంది.

ఉంటాను,
మీ అన్నయ్య