60 వేలకు సంతకం పెట్టేముందు క్యాజువాలిటీలో ఏం రాశారో చూడండి

నార్కట్‌పల్లి దాటాక మీ తమ్ముడి కారును లారీ వెనక నుంచి గుద్దిందని, కాలి ఎముక విరిగి రాడ్ వేశారని, ఐదో రోజే లారీ ఓనర్ మనుషులు వార్డుకొచ్చి 60 వేలు ఇస్తాం, కేసు వద్దు అంటున్నారని రాశారు. తమ్ముడికి 29 ఏళ్ళు, ఎలక్ట్రీషియన్, నెలకు 20 వేల దాకా వస్తాయన్నారు. పోలీస్ స్టేషన్‌కి ఇంకా ఎవరూ వెళ్ళలేదన్నారు. దయచేసి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, పెట్టనివ్వకండి.

ఇదే హైవే మీద, చిట్యాల దగ్గర, 2022 నవంబరులో నాకూ ఇలాగే జరిగింది. 108లో నల్గొండ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు. కట్టు కట్టి, సెలైన్ పెట్టాక మావాళ్ళు హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రికి మార్చారు. అక్కడ డ్యూటీ డాక్టరు దెబ్బ ఎలా తగిలిందని అడిగితే, పోలీసు కేసంటే ఆపరేషన్ ఆలస్యం చేస్తారేమోనని భయపడి మా బావమరిది 'మెట్ల మీంచి జారిపడ్డాడు' అని చెప్పాడు. నా మీద ప్రేమతోనే చెప్పాడు. కానీ ఆ ఒక్క మాట కేస్‌షీట్‌లోకి ఎక్కింది, అక్కడి నుంచి డిశ్చార్జ్ సమ్మరీలోకి వచ్చింది. ఏడాది తర్వాత, రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఆ కాగితం చేత్తో పట్టుకుని 'మీరు మెట్ల మీంచి పడ్డారు కదా?' అని అడిగాడు. బోనులో చేతికర్రతో నిలబడి ఉన్నాను, గొంతు ఎండిపోయింది.

నన్ను గట్టెక్కించింది నల్గొండ ఆసుపత్రి క్యాజువాలిటీ (ఎమర్జెన్సీ విభాగం) రిజిస్టర్. అందులో రాత్రి 9 గంటల 40 నిమిషాలకు ఆర్టీఏ (రోడ్డు ప్రమాదం) అని, లారీ ఢీకొందని, 108 తీసుకొచ్చిందని రాసి, ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసు) నంబరు వేశారు. మొదట రాసిన ఆ కాగితాన్నే జడ్జి గారు నమ్మారు. అందుకే మీకు నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇది. రేపు పొద్దున్నే ఆసుపత్రి రికార్డ్స్ సెక్షన్‌కి వెళ్ళి, అడ్మిషన్ రోజు దెబ్బకు కారణం ఏమని రాశారో, ఎం.ఎల్.సి. చేశారో లేదో చూడండి. తప్పుగా రాసి ఉంటే డిశ్చార్జ్ కాకముందే నిజం ఏమిటో సూపరింటెండెంట్‌కి కాగితం మీద రాసిచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి.

తర్వాత స్టేషన్. ప్రమాదం జరిగిన చోటు ఏ స్టేషన్ కిందికి వస్తుందో అక్కడ ఫిర్యాదు ఇవ్వండి. అంత దూరం వెళ్ళలేకపోతే దగ్గర్లోని స్టేషన్‌లో వాళ్ళు జీరో ఎఫ్‌ఐఆర్ (తమ పరిధి కాకపోయినా నమోదు చేసి, అసలు స్టేషన్‌కి పంపేది) తీసుకోవాలి. ఐదు రోజులు ఎందుకు ఆలస్యమైందో ఫిర్యాదులోనే రాయండి: ఆపరేషన్ జరిగింది, అందరం ఆసుపత్రిలో ఉన్నాం అని. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అలాగని ఇంకా ఆలస్యం చేయకండి. లారీ నంబరు ఫోటో ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది.

ఇక ఆ 60 వేల సంగతి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ సక్రమంగా ఉంటే మీకు డబ్బు కట్టేది ఓనరు కాదు, కంపెనీ. కాబట్టి ఆయన ఇల్లు గడవదని మీరు జాలిపడాల్సిన పని లేదు. కోర్టు లెక్క ఎలా ఉంటుందో చూడండి. నెలకు 20 వేలంటే ఏడాదికి 2,40,000. 26 నుంచి 30 ఏళ్ళ వాళ్ళకు సుప్రీంకోర్టు ఖాయం చేసిన గుణకం (ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) 17. రెండూ గుణిస్తే 40,80,000. కాలు వల్ల సంపాదించే శక్తి 10 శాతం తగ్గిందని తేలినా అది 4,08,000. దీనికి ఆసుపత్రి ఖర్చు, పని లేని నెలల ఆదాయం, మనిషిని పెట్టుకున్న ఖర్చు, రేపు రాడ్ తీయించే ఆపరేషన్, పడిన బాధ అన్నీ వేరుగా కలుస్తాయి. డాక్టరు ఇచ్చే వైకల్య సర్టిఫికెట్‌లో ఉన్న శాతాన్నే యథాతథంగా తీసుకోరు, ఆ దెబ్బ ఆ మనిషి పని మీద ఎంత ప్రభావం చూపిందో చూస్తారు. నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, రోజంతా నిలబడి చెప్పే పని. మీ తమ్ముడు నిచ్చెన ఎక్కాలి. ఈ మాట డాక్టరు చేత చెప్పించండి, తోటి పనివాళ్ళ చేత చెప్పించండి. చేతికి నగదే వస్తుంటే బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే మెసేజీలు, కాంట్రాక్టరు ఇచ్చే లెటరు, ఏది దొరికితే అది దాచండి.

క్లెయిమ్ పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఉంది. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో సవాలు ఉందని, ఫర్వాలేదని ఎవరైనా అంటే వినకండి, ఆరు నెలల్లోనే వేసేయండి. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, నల్గొండ తిరగక్కర్లేదు. ప్రమాదం గురించి మొదటి రిపోర్టు 48 గంటల్లో, పూర్తి రిపోర్టు 90 రోజుల్లో పోలీసులే ట్రిబ్యునల్‌కి పంపాలన్న రూల్ కూడా ఉంది. ఎస్సై గారిని మర్యాదగా, కానీ వదలకుండా అడుగుతూ ఉండండి.

వార్డులోకి విజిటింగ్ కార్డులు పట్టుకుని వచ్చేవాళ్ళుంటారు. 'మొత్తం మేం చూసుకుంటాం, వచ్చినదాంట్లో ఇంత శాతం' అంటారు. ఖాళీ కాగితాల మీద సంతకాలు అడుగుతారు. వచ్చే పరిహారంలో వాటా ఫీజుగా తీసుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషేధం. చేతిలో డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళి అడగండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు అక్కడ లాయర్ని ఉచితంగా ఇస్తారు. రాజీ కావాలనుకున్నా పిటిషన్ వేశాక లోక్ అదాలత్‌లో చేసుకోండి. అయితే అక్కడి అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు కాబట్టి, కాలు ఎంతవరకు బాగవుతుందో డాక్టరు తేల్చి చెప్పేదాకా ఆగండి.

మెడిక్లెయిమ్ ఉంటే ఒరిజినల్ బిల్లులు ఇచ్చేముందు ప్రతిదానికీ జిరాక్స్ తీసి ఆసుపత్రి చేత అటెస్ట్ చేయించండి. రోడ్డు ప్రమాదాల బాధితులకు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. మా టైంలో లేదు. మీ ఆసుపత్రి అందులో ఉందా అని ఈ రోజే బిల్లింగ్‌లో అడగండి, మీకింకా రెండు రోజులే ఉన్నాయి.

ఇంకొకటి, ఎవరూ అడగరు కాబట్టి రాస్తున్నాను. కాలు అతికాక కూడా వెనక నుంచి ఎయిర్ హారన్ వినబడితే నాకు చెమటలు పట్టేవి. ఆరు నెలలు మా ఆవిడకు కూడా చెప్పలేదు. చివరికి ఆవిడే కనిపెట్టి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. మీ తమ్ముడు రాత్రుళ్ళు ఉలిక్కిపడుతున్నాడేమో, కారెక్కను అంటున్నాడేమో గమనించండి. దానికీ మందు ఉంది. ఆ డాక్టరు చీటీలు, బిల్లులు కూడా అదే ఫైల్లో పెట్టండి.