అమెరికా ఆఫీసులో పని మొత్తం మనదే, లీడ్ పోస్టు మాత్రం పక్కవాళ్లది. ఏం చేయాలి?

ప్రశ్న అడిగినవారిది హనుమకొండ. డల్లాస్‌లో ఆరేళ్లుగా ఒకే టీమ్‌లో ఉన్నారు. టీమ్‌లో తెల్లవాళ్లు, నల్లవాళ్లు, మెక్సికన్లు, చైనీయులు, మనవాళ్లు అందరూ ఉన్నారట. లీడ్ పోస్టు రెండుసార్లు చేతిదాకా వచ్చి వేరేవాళ్లకు పోయింది. కారణం అడిగితే "నీకు లీడర్‌షిప్ ప్రెజెన్స్ ఇంకా రావాలి" అన్నారట మేనేజర్.

ఇదే మాట నాతో 2017లో అన్నారు. ఆ రాత్రి డిక్షనరీలో ప్రెజెన్స్ అంటే ఏంటో చూశాను కూడా. హాజరు అని ఉంది. రోజూ తొమ్మిదింటికల్లా వస్తున్నాను కదా, ఇంకేం హాజరు అని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది ముల్కనూర్ పక్కన ఒక పల్లె. 2000లో ముల్కనూర్‌లో మహిళల డెయిరీ పెట్టారు. అందులో సభ్యులూ ఆడవాళ్లే, డైరెక్టర్లూ ఆడవాళ్లే. మా అమ్మ ఏడో తరగతితో చదువు ఆపేసింది, కానీ మా ఊరి పాల సంఘానికి కొన్నేళ్లు అధ్యక్షురాలు. వెన్న శాతం తక్కువ చూపించారని ఎవరైనా మగాయన గొడవకొస్తే, అమ్మ ఎదురు అరిచేది కాదు. ఆయన్ని కూర్చోబెట్టి ఆయన కళ్లముందే మళ్లీ పరీక్ష చేయించేది. అందుకే ఆడమనిషి పెత్తనం చేయడం నాకు చిన్నప్పటి నుంచీ వింత కాదు. న్యూజెర్సీ వెళ్లాక నా నోరే పెగలకపోవడం వింతగా అనిపించింది.

పెళ్లయ్యాక 2009లో హెచ్-4 వీసా మీద వెళ్లాను, అంటే హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది. ఆ వీసా మీద అప్పట్లో పని చేయకూడదు. 2015 మేలో, గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వచ్చిన హెచ్-1బీ వాళ్ల భార్యలకు, భర్తలకు పని అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరాను. ఆరేళ్లకు పైగా ఇంట్లో ఉన్న మనిషిని. నాకంటే చిన్నవాళ్లు లీడ్లు. మీటింగ్‌లో మాట్లాడాలంటే ముందు వాక్యం మనసులో రెండుసార్లు కట్టుకునేదాన్ని. కట్టుకునేలోపే విషయం మారిపోయేది.

ఒకసారి రిలీజ్ ముందు టెస్ట్ డేటాలో పాత పాలసీ నంబర్లు కలిసిపోయాయని గమనించి మీటింగ్‌లో చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. పది నిమిషాల తర్వాత ఒకతను అదే మాట అన్నాడు. "గ్రేట్ క్యాచ్" అన్నారు అందరూ. అతను దొంగ అని నేను అనను. నేను చెప్పినప్పుడు విని ఉంటాడు, ఎవరు చెప్పారో మర్చిపోయి ఉంటాడు. కానీ ఏడాది చివర రివ్యూలో ఆ మాట అతని ఖాతాలోనే పడింది.

ఆ ఆదివారం అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. మొత్తం విని ఒక్క మాట అడిగింది: "నువ్వన్నట్టు తీర్మానం పుస్తకంల రాసిండ్రా?" లేదమ్మా, అక్కడ అలాంటి పుస్తకం ఉండదన్నాను. "పుస్తకంల లేకుంటే అన్నట్టు కాదు బిడ్డా" అంది. పాల సంఘమైనా పొదుపు సంఘమైనా మన ఊళ్లలో ఆడవాళ్లు కూర్చుంటే హాజరు రాస్తారు. ఎవరు ఏం అడిగారు, ఏం ఒప్పుకున్నారు అన్నది రాసి సంతకాలు, వేలిముద్రలు పెడతారు. నేను ఎమ్‌సీఏ చదివి ఈ చిన్న విషయం మర్చిపోయాను.

సోమవారం నుంచి ప్రతి మీటింగ్ అయ్యాక గంటలోపు నాలుగు లైన్ల మెయిల్ పంపడం మొదలుపెట్టాను. "ఈ రోజు నేను లేవనెత్తిన డేటా సమస్యకు ఫలానా ఆయన ఈ పరిష్కారం చెప్పారు, బుధవారంలోగా నేను సరిచూస్తాను" అన్నట్టు. అందులో ఫిర్యాదు ఉండదు, దెప్పిపొడుపు ఉండదు. నా పేరుతో పాటు పక్కవాళ్ల పేరు కూడా న్యాయంగా పెట్టేదాన్ని. ఇది చాలా ముఖ్యం. మన పేరొక్కటే పెడితే డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుంది. అందరి పేర్లూ పెడితే, అది మీటింగ్ రికార్డు అవుతుంది.

ఆర్నెల్లలో ఇది పనిచేసింది. పనిచేసి నా మెడకే చుట్టుకుంది. ఏ మీటింగ్ అయినా "నోట్స్ తను రాస్తుందిలే" అని అందరూ నావైపు చూడటం మొదలైంది. పుట్టినరోజు కేకు, వీడ్కోలు కార్డు కూడా నాకే వచ్చాయి. టీమ్‌లో నాకంటే 15 ఏళ్లు పెద్దదైన నల్లజాతి సీనియర్ ఒకావిడ ఉండేది. ఒకరోజు కాఫీ దగ్గర నన్ను ఆపి, "రాసేవాళ్లకు మాట్లాడే తీరిక ఉండదు, చూసుకో" అంది. నిజమే, తల వంచి రాస్తున్నప్పుడు నేను నోరు విప్పడం మళ్లీ తగ్గిపోయింది. తర్వాతి మీటింగ్‌లో మామూలుగానే, "ఈ నెల నేను రాశాను, వచ్చే నెల ఎవరు తీసుకుంటారు?" అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడకుండా కూర్చున్నాను. ఆ నిశ్శబ్దం భరించడమే కష్టం, మనకు వెంటనే "పర్లేదు నేనే రాస్తా" అనబుద్ధవుతుంది. అనకండి. చివరికి ఒకతను చెయ్యెత్తాడు. నా నాలుగు లైన్ల మెయిల్ మాత్రం మానలేదు. అది నా మాటల వరకే.

ఆవిడ గురించి ఇంకో మాట. మన అందరినీ అక్కడ "విమెన్ ఆఫ్ కలర్" అంటారు, అంటే శ్వేతేతర మహిళలు. విమానం దిగేదాకా మనకు అలాంటి పేరొకటి ఉందని తెలియదు. 1977లో హ్యూస్టన్‌లో జరిగిన జాతీయ మహిళా సదస్సులో నల్లజాతి మహిళలు తమ డిమాండ్ల పత్రం తెస్తే, మిగతా మైనారిటీ మహిళలు మేమూ కలుస్తామన్నారట. అలా అందరికీ కలిపి వాడుకలోకి వచ్చిన పేరు అది. కలిసి నడవడానికి పెట్టుకున్న పేరు. అందరి కష్టం ఒకటే అని దానర్థం కాదు. ఆవిడ నాతో అనేది: "నేను మామూలుగా మాట్లాడినా కోపంగా ఉన్నానంటారు, నువ్వు మామూలుగా మాట్లాడితే వినబడలేదంటారు. ఇద్దరిలో ఎవరినీ లీడ్‌ని చేయరు." నెమ్మదితనం అనే ముద్ర నా మీద ఉంది, దాన్ని కొంచెం గట్టిగా మాట్లాడి దాటవచ్చు. ఆవిడకు ఆ వెసులుబాటు కూడా లేదు. ఇది తెలిశాక ఆవిడ మాటను మీటింగ్‌లో పేరు పెట్టి బలపరిచేదాన్ని, ఆవిడ నా మాటను. ఇద్దరం ఒప్పందం చేసుకున్నామని ఎవరికీ తెలియదు.

లెక్క కావాలంటే, లీన్ ఇన్, మెకిన్సీ సంస్థలు కలిసి ఏటా ఇచ్చే నివేదిక ఉంది. 2023 నివేదిక ప్రకారం అక్కడి కంపెనీల్లో మొదటి మెట్టు నుంచి మేనేజర్‌గా 100 మంది మగవాళ్లు ఎక్కితే ఆడవాళ్లు 87 మంది, అందులో శ్వేతేతర మహిళలను విడిగా లెక్కిస్తే 73 మందే. అంటే పైన సీఈవో కుర్చీ దగ్గర కంటే ముందే, మీరిప్పుడు నిలబడ్డ ఆ మొదటి మెట్టు దగ్గరే జారిపోతున్నాం. కాబట్టి రెండుసార్లు తప్పిపోతే లోపమంతా మీలోనే ఉందనుకోకండి.

గొంతు మార్చుకో, లోతుగా మాట్లాడు అని కోచింగ్ ఇచ్చేవాళ్లు ఉంటారు. 13వ శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన రుద్రమను శాసనాల్లో మగపేరుతో రుద్రదేవ మహారాజు అనే రాశారు. ఏడు వందల ఏళ్లు దాటినా మనకు అదే సలహా ఇస్తుంటే ఏమనాలి? నేను యాస మార్చుకోలేదు. వేగం మాత్రం తగ్గించాను, విషయం మొదటి వాక్యంలోనే చెప్పడం నేర్చుకున్నాను. ముందు కారణాలన్నీ చెప్పి చివర్లో అసలు సంగతి చెప్పడం మన అలవాటు, అక్కడివాళ్లు చివరిదాకా ఆగరు.

ఇక నాకు లీడ్ పోస్టు ఎలా వచ్చిందంటే, సలహాలిచ్చే మెంటర్ల వల్ల కాదు. సలహాలకు కరువు లేదు. మనం లేని గదిలో మన పేరు ఎత్తే మనిషి కావాలి. 2018లో మా డైరెక్టర్ దగ్గరికి వెళ్లి సూటిగా అడిగాను: "ఏప్రిల్‌లో లీడ్ పోస్టు వస్తుంది, నేను అప్లై చేస్తున్నాను. ఆ చర్చలో మీరు నా పేరు చెప్పగలరా? చెప్పలేకపోతే ఏం తక్కువైందో ఇప్పుడే చెప్పండి." ఆవిడ కాసేపు ఆలోచించి, క్లయింటుతో నువ్వు మాట్లాడటం నేను చూడలేదు అంది. అదన్నమాట ప్రెజెన్స్! అన్నాళ్లూ గాలిలో ఉన్న మాటకు ఒక నిమిషంలో రూపం వచ్చింది. అయితే ఒక క్లయింట్ కాల్ నాకివ్వండి, మీరు కూర్చుని చూడండి అన్నాను. ఆ ఏప్రిల్‌లో పోస్టు రాలేదు, నిజం చెప్పాలి. మరుసటి ఏడాది వచ్చింది. మీరు కూడా మీ మేనేజర్‌ని అడగండి, "ప్రెజెన్స్ ఉన్న మనిషి ఏం చేస్తుంటే మీరు చూశారు, ఒక ఉదాహరణ చెప్పండి" అని. చెప్పలేకపోతే అదీ మీకొక సమాధానమే, వేరే టీమ్ చూసుకోండి.

వీసా సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నా. మీరు హెచ్-1బీ మీద ఉంటే, ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులే గడువు అనే భయం నోరు నొక్కేస్తుంది. ప్రమోషన్‌తో పని స్వరూపం బాగా మారితే గ్రీన్‌కార్డు ఫైలింగ్ మీద కూడా ప్రభావం ఉండొచ్చు. అప్లై చేసేముందే లాయర్‌తో మాట్లాడండి. "ఇప్పుడెందుకు రిస్క్" అని మేనేజర్ అన్నాడని వదిలేయొద్దు, అతను లాయర్ కాదు. నిజంగా జాతిని బట్టో ఆడదానివనో వివక్ష జరిగిందని మీకు అనిపిస్తే తేదీలతో రాసి పెట్టుకోండి. అక్కడి ప్రభుత్వ సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు (ఈఈఓసీ) ఫిర్యాదు చేయడానికి 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300 రోజులు మాత్రమే గడువు.

2022లో మేము తిరిగొచ్చేశాం. ఇప్పుడు మడికొండ ఐటీ పార్కులో ఒక టీమ్ చూస్తున్నాను. ఇక్కడ అందరం ఒకే రంగు కదా, ఈ బాధ ఉండదనుకున్నాను. టీమ్‌లో ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. వాళ్లింట్లో కోయ మాట్లాడతారు, తెలుగూ ఇంగ్లీషూ రెండూ బడిలో నేర్చుకున్నవే. కోడ్‌లో ఎక్కడ తేడా ఉన్నా ముందు పట్టేది తనే. అయినా క్లయింట్ కాల్ వచ్చినప్పుడల్లా నేను హైదరాబాద్‌లో చదివిన అబ్బాయికి ఇచ్చేదాన్ని. గత ఏడాది రివ్యూలు రాస్తూ ఆ అమ్మాయి పేరు కింద "కమ్యూనికేషన్ ఇంకా మెరుగవ్వాలి" అని కొట్టాను. కొట్టాక కీబోర్డు మీద చేతులు ఆగిపోయాయి. తను క్లయింటుతో మాట్లాడగా నేనెప్పుడు చూశాను?

ఆ లైను తీసేసి, తర్వాతి గురువారం కాల్ తనకిచ్చాను. మొదటి ఐదు నిమిషాలు తడబడింది, నాకు టెన్షన్ పెరిగి మ్యూట్ తీయబోయి ఆగాను. తర్వాత సర్వర్ ఎందుకు ఆగిపోతోందో మొదటి వాక్యంలోనే చెప్పింది, అవతలివాళ్లు నిశ్శబ్దంగా రాసుకున్నారు. సాయంత్రానికి తన నుంచి మెయిల్ వచ్చింది. ఎవరెవరు వచ్చారు, ఎవరు ఏం అన్నారు, ఎవరు ఏం చేస్తారు. హాజరులో నా పేరుంది. నేనన్న మాట అని మాత్రం ఒక్కటీ లేదు. నిజమే, ఆ కాల్‌లో నేనేం మాట్లాడలేదు.