ముందు స్లైసులు చూడు, చిన్నా

చిన్నా,

యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరావనీ, సీటీ స్కాన్ల నుంచి త్రీడీ బొమ్మలు కట్టే పని ఎంచుకున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ పనిలోనే నా జుట్టు నెరిసింది కాబట్టి రాస్తున్నాను.

కోడ్ మొదలుపెట్టే ముందు స్లైస్ మందం చూడు. స్లైస్ అంటే ఒంటిని అడ్డంగా కోసినట్టు చూపే ఒక్కో బొమ్మ. అడ్డంగా 512, నిలువుగా 512 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరు కూడా ఉండదు. మందం మాత్రం 5 మిల్లీమీటర్లు ఉండొచ్చు. వంజరం చేపను ముక్కలు కొట్టించి, ముక్కకో ఫోటో తీసి, ఆ ఫోటోలతో చేపను మళ్లీ గీయమంటే? ముక్క లావైనకొద్దీ ఊహ పెరుగుతుంది. స్కాన్‌లో ఇంకో తిరకాసు, ఆ 5 మిల్లీమీటర్లలో ఉన్నదంతా సగటై ఒకే బూడిద రంగు అవుతుంది. 2 మిల్లీమీటర్ల గడ్డ అందులో కలిసిపోవచ్చు. తర్వాత ఎంత నునుపు చేసినా అది తిరిగి రాదు. చాలాచోట్ల సన్న స్లైసులు కొన్నాళ్లకు చెరిపేసి లావువే దాస్తారు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోగానే సన్నవి అడిగి తీసుకో.

ఫైల్ పేర్లు నమ్మకు. నేను నమ్మి పరువు పోగొట్టుకున్నాను. ఫైల్ పేర్ల ప్రకారం పేర్చడంతో వరస తిరగబడి మనిషి తలకిందులుగా కనిపిస్తే, మౌస్‌తో తిప్పి నిలబెట్టి, రంగులద్ది మీటింగ్‌లో చూపించాను. రేడియాలజిస్ట్ మేడమ్ ఒక్క చూపు చూసి, "ఈయనకి కాలేయం ఎడమవైపుందేమిటమ్మా?" అంది. బొమ్మ మొత్తం అద్దంలో ప్రతిబింబమైపోయింది! ప్రతి స్లైసూ ఒంట్లో ఎక్కడుందో డైకామ్ హెడర్‌లో, అంటే స్కాన్ ఫైల్ మొదట్లో ఉండే వివరాల్లో, అంకెలుంటాయి, వాటితోనే పేర్చు.

స్లైసుల నుంచి త్రీడీ పైపొర కట్టే మార్చింగ్ క్యూబ్స్ పద్ధతి 1987 నాటిదని చిన్నచూపు చూడకు, ఇప్పటికీ పనికొస్తుంది. కాకపోతే నువ్విచ్చిన విలువ దగ్గర పైపొర గీయడమే దానికి తెలుసు. సీటీలో ఏది ఎంత దట్టమో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ కొలతలో నీళ్లు 0, గాలి మైనస్ 1000, ఎముక వందల్లో. ఎముకకని నువ్విచ్చిన ఆ విలువ కాస్త పెంచావంటే కంటిగూడు అడుగున ఉండే పల్చటి ఎముకలో చిల్లు కనిపిస్తుంది. రోగికి ఏమీ విరగలేదు, విరగ్గొట్టింది నువ్వే. అందుకే అలా గీసిన పైపొర (మెష్) అంచును స్లైసుల మీద వేసి చూసుకోకుండా ఎవరికీ చూపించకు.

న్యూరల్ నెట్‌వర్క్ జోలికి వెళ్తే ఒకే రోగి స్లైసులు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ పడకుండా చూసుకో. పడితే మార్కులు అదిరిపోతాయి, కొత్త రోగి రాగానే బండారం బయటపడుతుంది. తల స్కాన్లయితే పేరు తీసేస్తే సరిపోదు, చర్మం కట్టగానే ముఖం వచ్చేస్తుంది. అదీ చెరపాలి.

విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి నీకు దగ్గరే. మీ గైడ్ ద్వారా అనుమతి తీసుకుని, వారానికో పూట రేడియాలజీ గదిలో ఓ మూల కూర్చో. వాళ్లు ఏ స్లైస్ దగ్గర ఆగి వెనక్కి వెళ్తున్నారో గమనించు. మధ్యలో ప్రశ్నలడిగి విసిగించకు, టీ టైమ్‌లో అడుగు.

ఆదివారం ఇంటికి రా. పెద్దనాన్న హార్బర్ నుంచి వంజరం తెస్తానన్నారు. ల్యాప్‌టాప్‌లో స్కాన్లను త్రీడీలో చూపే త్రీడీ స్లైసర్ సాఫ్ట్‌వేర్ వేసుకుని రా, ఉచితమే.

పెద్దమ్మ